నాయన ఫర్మా - నా కంప్యూటర్

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు ముందు నేను వద్దన్నాను. కథలు, కవితలు రాసే అన్నలు మన బ్యాచ్‌లలో చాలామంది ఉన్నారు. నేను చేసేది కంప్యూటర్‌లో వస్తువుల ఆకారాలు గీసే పని. దాని గురించి ఏం రాయను అని అడిగాను. "అన్నా, ఆ పనేంటో అదే రాయండి. మాలో ఎవరికీ తెలియదు" అన్నాడు అవతలి తమ్ముడు. నిజమే. పదో తరగతిలో ఉన్నప్పుడు నాకూ తెలియదు. అందుకే రాస్తున్నాను. ఇందులో నా పని గురించి ఉంది. మా నాయన గురించి ఉంది. ఈ హాస్టల్లో ఉన్న ఐదేళ్ళూ నేను చెప్పిన ఒక అబద్ధం గురించి కూడా ఉంది.

నా పనిని 'ఫ్రీఫామ్ సర్ఫేస్ మోడలింగ్' అంటారు. పేరు చూసి భయపడకండి. ఒకసారి మీ చుట్టూ ఉన్న వస్తువులు చూడండి. మీ ట్రంకుపెట్టె, తరగతిలో బ్లాక్‌బోర్డు, బెంచీ - ఇవన్నీ సరళరేఖలతో అయినవి. పొడవు, వెడల్పు, ఎత్తు చెబితే ఎవరైనా చేసి పెడతారు. బిందె, గ్లాసు, కుండ రెండో రకం. ఒక వంపు గీతను ఇరుసు చుట్టూ తిప్పితే బిందె వస్తుంది. కుమ్మరి సారె మీద, ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసే వాళ్ళ దగ్గర జరిగేది అదే.

ఇక మూడో రకం ఉంది. మీ చెవిని తడిమి చూసుకోండి. మామిడికాయను చేతిలో పట్టుకోండి. మోటార్ సైకిల్ పెట్రోల్ ట్యాంకు మీద చెయ్యి పెట్టి చూడండి. దీని కొలత ఎంత అంటే ఏం చెబుతారు? ఒక్కో చోట ఒక్కో వంపు. ఎక్కడా సరళరేఖ లేదు, ఎక్కడా నిండు వృత్తం లేదు. ప్రకృతిలో ఉన్నవన్నీ దాదాపు ఇలాంటివే కాబట్టి వీటిని 'ఆర్గానిక్' ఆకారాలు అంటారు. తెల్ల పొణికి చెక్కను చేత్తో చెక్కే కొండపల్లి కళాకారుడు చేసేది ఈ రకం పని. హెల్మెట్, కంప్యూటర్ మౌస్, షాంపూ సీసా, కారు బానెట్ - ఇవన్నీ ఫ్యాక్టరీలో అచ్చు పోయకముందు ఎవరో ఒకరు కంప్యూటర్‌లో ఇలా చెక్కినవే. మా నాయన చెప్పులు కుట్టే ఫర్మా కూడా ఈ మూడో రకమే.

అబద్ధం ఇక్కడే మొదలైంది.

1997లో ఆరో తరగతిలో ఈ హాస్టల్లో చేరాను. హైస్కూల్లో మొదటి రోజు అందరినీ లేపి "మీ నాయన ఏం చేస్తాడు?" అని అడిగారు. నా వంతు వచ్చినప్పుడు "బస్టాండులో కొట్టుంది సార్" అన్నాను. కొట్టు లేదు. బస్టాండు పక్కన వేపచెట్టు కింద గోనెపట్టా పరిచి, ఆరె, రంపె, గూటం, నాలుగు జతల చెక్క ఫర్మాలు ముందు పెట్టుకుని మా నాయన కూర్చునేవాడు. మా మాదిగపల్లెలో ఆ పని వచ్చిన ఆఖరి మనిషి ఆయనే. మన హాస్టల్లో ఉన్న వాళ్ళందరం కూలోళ్ళ బిడ్డలమే. నిజం చెప్పినా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. కానీ ఒకసారి బడిలో చెప్పిన అబద్ధాన్ని హాస్టల్లో కూడా నిలబెట్టుకోవాల్సి వచ్చింది.

నాయన నెలకొకసారి ఆదివారం పూట చూడటానికి వచ్చేవాడు. నేను గేటు దగ్గరికే పరుగెత్తి, సంచి అందుకుని, తొందరగా పంపించేసేవాణ్ణి. తొమ్మిదో తరగతిలో ఒక ఆదివారం నేను రావడం ఆలస్యమైంది. వచ్చేసరికి నాయన గేటు పక్కన కూర్చుని ఉన్నాడు. ఆయన చుట్టూ మన పిల్లలు ఏడెనిమిది మంది, చేతుల్లో తెగిన చెప్పులు. సంచిలోంచి ఆరె తీసి ఒక్కొక్కటి కుట్టి ఇస్తున్నాడు. డబ్బులు తీసుకోవడం లేదు. నేను అక్కడే నిలబడిపోయాను. "మీ నాయనకు ఈ పని కూడా వచ్చారా?" అని ఒకడు అడిగాడు. "ఏదో, కొంచెం వచ్చు" అన్నాను. నాయన తలెత్తి నావైపు చూశాడు. ఏమీ అనలేదు. మళ్ళీ కుట్టుకుంటూ కూర్చున్నాడు.

2002లో పదో తరగతి అయింది. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేశాను. తర్వాత హైదరాబాద్ బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో క్యాడ్ కోర్సు చేశాను. 1968లో మొదలైన సంస్థ అది. అచ్చులు, డైలు తయారు చేయడం నేర్పుతారు. క్యాడ్ అంటే కంప్యూటర్ సాయంతో డిజైన్ చేయడం. అక్కడే నాకు ఈ వంపుల పని మీద ఇష్టం కలిగింది.

ఈ వంపులు కంప్యూటర్‌లోకి ఎలా వచ్చాయో చెబుతాను. కంప్యూటర్లు లేని రోజుల్లో ఓడలు కట్టేవాళ్ళు పెద్ద హాలు నేల మీద ఓడ వంపులు అసలు సైజులో గీసేవారు. పలుచని చెక్క బద్దను వంచి, అది కదలకుండా అక్కడక్కడా సీసపు బరువులు పెట్టి, దాని వెంట గీత గీసేవారు. ఆ బద్దను 'స్ప్లైన్' అంటారు. బరువులు బాతుల్లా ఉంటాయని వాటికి 'డక్స్' అని పేరు. మీరూ చేసి చూడొచ్చు. కొబ్బరి చీపురులోంచి ఒక పొడవాటి ఈనె తీసుకోండి. చెక్క మీద నాలుగు మేకులు అటూ ఇటూగా కొట్టి, వాటి మధ్య ఈనెను దూర్చండి. ఎవరూ చెప్పకుండానే అది నున్నటి వంపుగా నిలబడుతుంది. కారణం ఏమిటంటే, ఈనె వీలైనంత తక్కువగా వంగాలని చూస్తుంది. ఇప్పుడు ఇంకో ఎనిమిది మేకులు అడ్డదిడ్డంగా కొట్టి ఈనెను వాటి మధ్య కూడా దూర్చండి. పాములా మెలికలు తిరుగుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

ఫ్రాన్స్‌లో కార్ల కంపెనీలకు ఈ వంపులను యంత్రానికి అర్థమయ్యే లెక్కలుగా మార్చాల్సిన అవసరం వచ్చింది. సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్తెల్జో అనే గణిత శాస్త్రవేత్త 1959లోనే దానికి పద్ధతి కనిపెట్టాడు. కంపెనీ దాన్ని రహస్యంగా ఉంచింది. రెనో కంపెనీలో పియెర్ బెజియే అనే ఇంజనీరు 1960లలో వేరే దారిలో అదే వంపుకు చేరి, దాని గురించి బయటికి రాశాడు. అందువల్ల ప్రపంచమంతా వాటిని 'బెజియే వంపులు' అంటోంది. ముందు కనిపెట్టిన కాస్తెల్జో పేరు చాలా ఏళ్ళు ఎవరికీ తెలియలేదు. పని ఒకరిది, పేరు ఒకరిది కావడం మన ఊళ్ళలోనే కాదు, అక్కడా ఉంది.

కాస్తెల్జో పద్ధతికి ఎనిమిదో తరగతి లెక్కలు చాలు. గళ్ళ కాగితం తీసుకోండి. ఎడమ మూలలో ఎ అనే చుక్క పెట్టండి. దానికి కుడివైపు 4 గళ్ళు, పైకి 8 గళ్ళ దూరంలో బి పెట్టండి. ఎ ఉన్న వరుసలోనే కుడివైపు 8 గళ్ళ దూరంలో సి పెట్టండి. ఎ-బి కలపండి, బి-సి కలపండి. గుడిసె కప్పులా వస్తుంది. ఇప్పుడు ఎ-బి గీతకు మధ్యబిందువు, బి-సి గీతకు మధ్యబిందువు గుర్తించి ఆ రెంటినీ కలపండి. ఆ కొత్త గీత మధ్యబిందువే వంపు మీద చుక్క. అది 4 గళ్ళ ఎత్తులో ఉంటుంది. మధ్యకు బదులు ప్రతిసారీ పావు దూరంలో గుర్తు పెడితే కుడివైపు 2, పైకి 3 గళ్ళ దగ్గర ఇంకో చుక్క వస్తుంది. ముప్పావు దూరంలో పెడితే కుడివైపు 6, పైకి 3. ఇలా వచ్చిన చుక్కలన్నీ కలిపితే నున్నటి వంపు.

గమనించారా? బి చుక్క 8 గళ్ళ ఎత్తులో ఉంది, వంపు 4 గళ్ళ దాకానే వెళ్ళింది. బి దాన్ని తనవైపు లాగుతుంది, కానీ వంపు బి ని తాకదు. చేతిలో గడ్డి చూపిస్తే ఆవు అటు మెడ చాచుతుంది చూడండి, అలాగన్నమాట. ఈ చుక్కలను 'కంట్రోల్ పాయింట్లు' అంటారు. గీతకు బదులు వరుసలు వరుసలుగా వలలాగా చుక్కలు పెడితే ఉపరితలం వస్తుంది. ఒక చుక్కను పట్టి లాగితే ఆ చుట్టుపక్కల ఉపరితలం తడి మట్టిలా మెల్లగా లేస్తుంది. 1975లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో మార్టిన్ న్యూవెల్ అనే పరిశోధకుడు తన ఇంట్లోని టీ కెటిల్‌ను ఇలాంటి బెజియే ముక్కలతోనే కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. గ్రాఫిక్స్ నేర్చుకునే వాళ్ళందరికీ ఆ కెటిల్ తెలుసు.

ముక్కలను అతికేటప్పుడు అసలు కష్టం మొదలవుతుంది. రెండు ముక్కల అంచులు కలిస్తే దాన్ని జి-0 అంటారు. అంచులు కలిసినా మధ్యలో మడత కనిపిస్తుంది. మడత కూడా లేకుండా కలిస్తే జి-1. రెండు వైపులా వంపు ఎంత ఉందో అది కూడా సమానమైతే జి-2. జి-1కీ జి-2కీ తేడా మామూలుగా చూస్తే తెలియదు. వెలుతురు పడితే తెలుస్తుంది. కొత్త స్టీలు కంచం పట్టుకుని మన స్టడీ హాల్లో ట్యూబ్‌లైట్ కింద నిలబడండి. కంచంలో ట్యూబ్‌లైట్ గీతలా కనిపిస్తుంది. కంచాన్ని మెల్లగా కదపండి. గీత తెగితే అక్కడ మడత ఉంది. తెగకుండా ఉండి ఒకచోట చటుక్కున మలుపు తిరిగితే అది జి-1. నీళ్ళలా జారిపోతే జి-2. కంప్యూటర్‌లో ఇదే పరీక్షను నల్లటి, తెల్లటి చారలతో చేస్తారు. 'జీబ్రా' పరీక్ష అని పేరు.

కోర్సు అయ్యాక 2006లో బాలానగర్‌లో అచ్చులు డిజైన్ చేసే ఒక చిన్న కంపెనీలో చేరాను. సీసాలు, మిక్సీ పిడులు, స్విచ్‌బోర్డు మూతలు చేసేవాణ్ణి. పని బాగా వచ్చిందని గర్వం కూడా వచ్చింది.

2009లో కంపెనీకి ఒక ఆర్డరు వచ్చింది. షుగరు వ్యాధి ఉన్నవాళ్ళు చెప్పుల్లో వేసుకునే ఇన్‌సోల్, అంటే అరికాలి ఆకారంలో వంపులు తిరిగిన మెత్తటి పలక. దానికి అచ్చు చేయాలి. షుగరు ముదిరితే కాళ్ళ నరాలు దెబ్బతిని స్పర్శ పోతుంది. కుష్ఠు వ్యాధిలో కూడా అంతే. రాయి గుచ్చుకున్నా, చెప్పు ఒరుసుకున్నా తెలియదు. పుండు పడుతుంది. తెలియదు కాబట్టి దాని మీదే నడుస్తారు. ఒక్కోసారి వేలు, ఒక్కోసారి కాలే తీసేయాల్సి వస్తుంది. పలక అరికాలికి సరిగ్గా ఆనితే బరువు అంతటా సర్దుకుంటుంది. లెక్క చూడండి. 60 కిలోల మనిషి ఒక కాలి మీద నిలబడినప్పుడు ఆ బరువు 20 చదరపు సెంటీమీటర్ల మీదే పడితే ఒక్కో చదరపు సెంటీమీటరుకు 3 కిలోలు. అదే 60 చదరపు సెంటీమీటర్ల మీద పడితే ఒక్క కిలో. ఆ తేడాలో ఒక కాలు నిలబడుతుంది.

కాళ్ళకు ప్లాస్టర్ పూసి తీసిన అచ్చులు మాకు పంపారు. వాటిని స్కాన్ చేస్తే కంప్యూటర్‌లోకి వేల చుక్కలు వచ్చాయి. నేను ఆ చుక్కలన్నిటికీ ఆనేటట్టు ఉపరితలం వేశాను. ఒక వైపు 40, ఇంకో వైపు 60 కంట్రోల్ పాయింట్లు, అంటే మొత్తం 2400. స్కాన్‌కూ నా ఉపరితలానికీ తేడా ఎక్కడ చూసినా మిల్లీమీటరులో పదో వంతు కూడా లేదు. ఆ అంకె చూసుకుని ఎంతో మురిసిపోయాను. అల్యూమినియం దిమ్మ మీద అచ్చు కోశారు. నమూనాలు పోశారు. వారంలో తిరిగి వచ్చాయి. వేసుకున్నవాళ్ళకు అంచుల్లో ఒత్తుకుంటోందని, కొందరికి ఎర్రగా కందిపోయిందని రాశారు. దిమ్మ వృథా, కోత ఖర్చు వృథా. మా యజమాని తిట్టలేదు. పండగకు వెళ్ళొచ్చి మళ్ళీ చేయమన్నాడు. తప్పెక్కడో నాకు తెలియలేదు. అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి మరి!

సంక్రాంతికి ఇంటికి వెళ్తూ ఒక నమూనా సంచిలో వేసుకున్నాను. నాయనకు చూపించాలని కాదు, ఖాళీగా ఉన్నప్పుడు చూసుకుందామని. అరుగు మీద పెట్టుకుని కూర్చుంటే నాయన వచ్చి చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. బొటనవేలితో మడమ నుంచి వేళ్ళ దాకా మెల్లగా రాశాడు. రెండుచోట్ల ఆగాడు.

"ఏందిరా ఇది? ఇక్కడ గతుకులున్నాయి."

నాకు కనిపించలేదు. ఆయన వేలు తీసిన చోట నా వేలు పెట్టినా తెలియలేదు. తర్వాత కంప్యూటర్‌లో చారలు వేసి చూస్తే సరిగ్గా ఆ రెండు చోట్లా గీతలు మెలికలు తిరిగి ఉన్నాయి. కొబ్బరి ఈనె సంగతి గుర్తుందా? పన్నెండు మేకుల మధ్య ఈనె మెలికలు తిరిగినట్టే 2400 చుక్కల మధ్య నా ఉపరితలం అలలు అలలుగా వచ్చింది. ప్లాస్టర్ మీద ఉన్న ప్రతి గరుకూ, ప్రతి ముడతా కాలిదే అనుకుని నేను నమ్మకంగా నకలు తీశాను.

నాయన ఇంకో మాట అన్నాడు. "ఇది మంచం మీద కూర్చుని వేలాడేసిన కాలురా. బరువు మోసే కాలు కాదు. నిలబడితే కాలు పరుచుకోదూ?"

ప్లాస్టర్ ఎలా తీశారో నేను అడగనే లేదు. కూర్చోబెట్టే తీశారని తర్వాత తెలిసింది. మా నాయన చెప్పుల కొలత తీసేటప్పుడు మనిషిని కాగితం మీద నిలబెట్టి, పెన్సిల్‌తో పాదం చుట్టూ గీసేవాడు. తర్వాత కాగితం పట్టీతో వేళ్ళ మొదలు చుట్టూ, పాదం మీది ఎత్తు చుట్టూ కొలిచేవాడు. కూర్చున్న మనిషి కొలత ఎప్పుడూ తీసుకోలేదు. లోపలికి వెళ్ళి ఒక పాత ఫర్మా తెచ్చి నా చేతిలో పెట్టాడు. "చూడు, ఇది కాలు మాదిరి ఉందా? లేదు. కాలి కంటే పొడుగు. వేళ్ళ ముందర ఖాళీ ఉంది. ముందు భాగం నేలకు తగలకుండా లేచి ఉంది. నడిచేటప్పుడు కాలు ముందుకు దొర్లాల గదా. కాలును ఉన్నది ఉన్నట్టు చెక్కితే ఆ చెప్పు ఎవుడూ తొడగలేడు."

చిన్నప్పటి నుంచి ఆ ఫర్మాలు చూస్తూనే ఉన్నాను. ఒక్కసారి కూడా చేతిలోకి తీసుకుని చూడలేదు. మూడేళ్ళుగా నేను జీతం తీసుకుంటున్న పనిని మా నాయన వేపచెట్టు కింద నలభై ఏళ్ళుగా చేస్తున్నాడు.

అదంతా వివరంగా చూపించడానికి నాయన తన కుడికాలు ఎత్తి నమూనా మీద పెట్టబోయాడు. అప్పుడు కనిపించింది. బొటనవేలి మొదట్లో అరికాలి కింద చర్మం నల్లగా గట్టిపడి ఉంది. దాని నడిమధ్య కందిబద్దంత గుంట, చెమ్మగా.

"ఇదేంది నాయనా?" అన్నాను.

ఆయన కాలు తిప్పి చూసుకున్నాడు. "ఎప్పుడైందో ఏమో. నొప్పి లేదే" అన్నాడు.

నొప్పి లేదే అన్న మాటకు నా గుండె ఆగినంత పనైంది. ఆరు నెలల నుంచి నేను కంప్యూటర్ ముందు కూర్చుని ముక్కూ మొహం తెలియని వాళ్ళ అరికాళ్ళు తిప్పి తిప్పి చూస్తున్నాను. పుండు ఎక్కడ పడుతుందో, ఎందుకు పడుతుందో నాకు బట్టీ వచ్చు. మా నాయన అరికాలు మాత్రం ఒక్కసారీ చూడలేదు.

మరుసటి రోజే పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాను. షుగరు బాగా ఎక్కువ ఉందన్నారు. అప్పటిదాకా ఆయనకు షుగరు ఉందనే తెలియదు. డాక్టరు గారు సన్నటి నైలాన్ పోగు తీసుకుని అరికాలిలో అక్కడక్కడా ఆనించి, తెలిసినప్పుడు చెప్పమన్నారు. నాయన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. చాలాచోట్ల ఏమీ చెప్పలేదు. బొటనవేలితో వెంట్రుకంత గతుకు కనిపెట్టగలిగిన మనిషికి అరికాలిలో పుండు తెలియలేదు. ఆ కాలు మీద బరువు మోపవద్దని, రోజూ కట్టు మార్చాలని చెప్పారు. మూడు నెలలకు పుండు మానింది. వేలు దక్కింది. ఇంకో నెల ఆలస్యమైతే చెప్పలేమని డాక్టరు గారు అన్నారు.

తిరిగి వెళ్ళి పని మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి ప్లాస్టర్ వద్దని, మెత్తటి ఫోమ్ పెట్టెలో మనిషిని నిలబెట్టి అచ్చు తీయమని అడిగాను. ఉపరితలానికి ఒక వైపు 5, ఇంకో వైపు 8 చుక్కలు మాత్రమే పెట్టాను. మొత్తం 40. స్కాన్‌కూ దానికీ కొన్నిచోట్ల మిల్లీమీటరు దాకా తేడా వచ్చింది. ఆ తేడాను కావాలనే వదిలేశాను. చారలు వేసి చూస్తే నీళ్ళలా జారాయి. ఒత్తిడి ఎక్కువ పడే వేళ్ళ మొదళ్ళ కింద మాత్రం కొంచెం లోతు చేశాను. నమూనా పోసిన ప్రతిసారీ ఒకటి ఇంటికి పంపాను. రెండుసార్లు నాయన వద్దన్నాడు. మూడోది చేత్తో రాసి చూసి, "ఇది కాలు" అన్నాడట. ఫోన్లో అమ్మ చెప్పింది. ఆ మూడోదే ఆర్డరు ఇచ్చినవాళ్ళు కూడా ఒప్పుకున్నారు.

ఎవరు చూసి చెప్పారయ్యా అని మా యజమాని అడిగాడు. "మా నాయన సార్. బస్టాండు దగ్గర చెప్పులు కుడతాడు" అన్నాను. 1997లో తరగతిలో చెప్పాల్సిన మాట అది. పన్నెండేళ్ళు ఆలస్యమైంది.

కాలు మానాక నాయనను ఒకసారి బాలానగర్ తీసుకువెళ్ళాను. నా పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి, తెర మీద ఫర్మాను అటూ ఇటూ తిప్పి చూపించాను. చాలాసేపు చూశాడు. "అంతా బాగుంది గానీ, దీన్ని తాకేదానికి లేదే" అన్నాడు. మా వృత్తిలో పెద్ద పెద్దవాళ్ళకు తెలిసిన లోపం అదే. ఎంత మంచి సాఫ్ట్‌వేర్ ఉన్నా కార్ల కంపెనీలు ఇప్పటికీ మట్టితో నిలువెత్తు నమూనా చేసి, చేత్తో తడిమి చూస్తున్నాయి.

ఆ తర్వాత సాఫ్ట్‌వేర్లు చాలా మారాయి. నేను నేర్చుకున్నప్పుడు ముక్కలు ముక్కలుగా వేసి అతికేవాళ్ళం. ఇప్పుడు 'సబ్‌డివిజన్' పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది. గరుకుగా ఒక డబ్బా ఆకారం పెట్టి, దాన్ని మళ్ళీ మళ్ళీ చిన్న ముఖాలుగా విడగొడుతూ నునుపు చేస్తారు. ఎడ్విన్ క్యాట్మల్, జిమ్ క్లార్క్ 1978లోనే దీనికి పద్ధతి రాశారు. పిక్సార్ కంపెనీ 1997లో తీసిన 'గెరీస్ గేమ్' అనే చిన్న సినిమాలో ముసలాయన ముఖం, చేతులు ఇలా చేసినవే. రైనో అనే సాఫ్ట్‌వేర్‌లోకి ఈ పద్ధతి 2020లో వచ్చింది. మట్టి పిసికినట్టు పని సాగుతుంది. కానీ ఒక్క సూత్రం మారలేదు. తక్కువ చుక్కలు, సరైన చోట. ఎక్కడ ఎన్ని పెట్టాలో యంత్రం చెప్పదు. చూసే కన్ను, తాకే వేలు నీకు ఉండాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈ పనికి ఇంగ్లీషు మీడియం అక్కర్లేదు. ధనవంతుల ఇంట్లో పుట్టక్కర్లేదు. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరవచ్చు. బాలానగర్ సంస్థలో పదో తరగతి వాళ్ళకు కూడా డిప్లొమా ఉంది. చెప్పులు, బూట్ల డిజైన్ నేర్పే ఫుట్‌వేర్ డిజైన్ అండ్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ కేంద్రం హైదరాబాద్‌లో ఉంది. కంప్యూటర్ దొరికితే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. దొరక్కపోతే గళ్ళ కాగితం, కొబ్బరి ఈనె, స్టీలు కంచం ఉన్నాయి. వాటితో మొదలుపెట్టండి.

ఇంకో మాట. మీ అమ్మ మట్టిపొయ్యి వేస్తుంటే పక్కన కూర్చుని ఆమె అరచెయ్యి ఎలా తిరుగుతుందో చూడండి. బుట్టలు అల్లే తాత ఉంటే, నాగలి చెక్కే మామ ఉంటే వాళ్ళ దగ్గర కూర్చోండి. అక్కడ ఉన్న విద్యను తెచ్చుకోకుండా మనం పట్నంలో పుస్తకాల్లో వెతుక్కుంటున్నాం. మీ నాయన ఏం చేస్తాడని బడిలో అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒకసారి వాళ్ళ అరికాళ్ళు చూడండి. షుగరు పరీక్ష చేయించండి.

మా నాయన ఇప్పుడు వేపచెట్టు కింద కూర్చోవడం లేదు. ఇంటి దగ్గరే అడిగిన వాళ్ళకు కుడతాడు. ఆయన కాలికి ఉన్న చెప్పుల్లో పలక నేను గీసింది. పైన పట్టీ, బొటనవేలి ఉంగటం ఆయన కుట్టుకున్నవి. ఈసారి వార్షికోత్సవానికి ఆయన్ను కూడా తీసుకువస్తాను. ఆరె, దారం తెచ్చుకుంటానన్నాడు. చెప్పులు తెగినవాళ్ళు దాచిపెట్టుకోండి.

మీ అన్న,
పూర్వ విద్యార్థి (పదో తరగతి, 2002 బ్యాచ్)